కర్రకు తినిపించిన రొట్టె

దగ్గరికి జరుగు భార్గవీ. ఇంకా జరుగు, నీ మోకాలు నా మోకాలికి తగలాలి. ఇది అరిచి చెప్పే ముచ్చట కాదు, గొణిగే ముచ్చట అంతకన్నా కాదు. బడిలో ఎవరో మీ అమ్మను ఒక మాట అన్నారని నిన్నటి నుంచి అన్నం సరిగ్గా తినడం లేదు నువ్వు. ఆ మాటకు వేరు ఎక్కడుందో నాకు తెలుసు. ఒక వానాకాలంలో అందరం కలిసి ఒక సినిమాకు పోయాం. పోయేటప్పుడు ఒక ఇల్లు, వచ్చేటప్పటికి రెండు ముక్కలు. అప్పుడు నీకు మూడేళ్ళు. బొమ్మ మొదలైన కాసేపటికే నా ఒడిలో నిద్రపోయావు. ఆ హాలులో ఆ రోజు బుద్ధిగల పని చేసినదానివి నువ్వొక్కదానివే.

ముందు ఒక కర్ర సంగతి చెప్పాలి. అంతకు ముందటి ఎండాకాలం, ఇప్పపూలు రాలే రోజుల్లో, సినిమావాళ్ళు భద్రాచలంలో దిగి మన తండాకు వచ్చారు. అడవిలో ఒక గుడిసె వేశారు. వాళ్ళకు అద్దాల బట్టలు కట్టిన లంబాడీ ఆడమనిషి కావాలట. మన తండాలో రోజూ ఆ బట్టలు కట్టేది నాలాంటి ముసలివాళ్ళమే. మా ముడతలు వాళ్ళకు పనికిరాలేదు. మీ అమ్మ సరళ వాళ్ళ కంటికి ఆనింది. మీ నాన్న కోటేష్ అప్పుడు కూడా పాల్వంచ కరెంటు ప్లాంటులోనే పని. వాడే ముందుపడి ఒప్పుకున్నాడు. నా అద్దాల లంగా, రవిక, ఓణీ మీ అమ్మకు నేనే తొడిగి, పక్కనే చెట్టు కింద కూర్చున్నాను. కోడలిని పదిమంది మగవాళ్ళ మధ్య ఒంటరిగా వదిలే అత్తను కాదు నేను.

ఏం చేయించారంటే, ఆకుపచ్చ గుడ్డ చుట్టిన ఒక కర్ర పాతారు. కర్ర కొసకు ఒక బంతి గుచ్చారు. వెనక కూడా పెద్ద పచ్చ పరదా. జుట్టు ముడి వేసుకున్న డైరెక్టరు పిలగాడు వచ్చి, "అక్కా, గీ బంతే నీ భర్త నోరు అనుకో. రొట్టె ముక్క తినిపించి నవ్వాలె," అన్నాడు. మీ అమ్మకు ముందు నవ్వు రాలేదు, తీరా బంతికి రొట్టె పెట్టబోతే నవ్వు ఆగలేదు. ఆ నవ్వే వాళ్ళకు కావలసి వచ్చింది. మీ నాన్న తర్వాత ఆ కర్రకూ ఆమెకూ కలిపి ఫోటో తీసి ఫోనులో అందరికీ చూపించుకున్నాడు, నా పెళ్ళాం కట్టెతో కాపురం చేస్తోంది అని రాసి మరీ.

తర్వాత వారమో ఎప్పుడో మీ పెదనాన్న హీరాలాల్‌ను, మా బావగారి కొడుకును, తీసుకుపోయారు. మీసం బాగుందన్నారు. అతన్ని కూర్చోబెట్టి, పచ్చ తొడుగు వేసుకున్న ఒక పనివాడు రొట్టె అందిస్తే నోరు తెరిచి తిన్నాడు. అప్పుడూ నేను అక్కడే ఉన్నాను. మీ అమ్మ పత్తి చేనులో ఉంది. ఈ రెండు రోజులూ గుర్తు పెట్టుకో.

మరుసటి ఏడు వానలు పడ్డాయి. పత్తిలో రెండో కలుపు తీస్తున్నాం. తీజ్ పండుగ వస్తోందని పెళ్ళికాని పిల్లలు గోధుమలు మొలకెత్తించే బుట్టలు అల్లించుకుంటున్నారు. అప్పుడు వచ్చింది ఆ సినిమా. తండా అంతా ట్రాలీ ఆటోలు కట్టించుకొని పాల్వంచకు పోయాం. మన తండా బొమ్మలో కనిపిస్తుందంటే ఎవరు ఆగుతారు. పెనిమిటి అన్న ఉన్న వరసలో తమ్ముడి పెళ్ళాం కూర్చోకూడదు కనుక హీరాలాల్, మీ పెద్దమ్మ రూప్లి ముందు వరసల్లో కూర్చున్నారు. మేము వెనక. ఆ చీకట్లో కూడా మీ అమ్మ తల మీది కొంగు జారనివ్వలేదు. పెళ్ళయి వచ్చిన రోజు నుంచి ఆ బావ ముందు ఆమె గొంతెత్తింది లేదు, మంచం మీద కూర్చున్నది లేదు. ఆయన వాకిట్లోకి వస్తే ఈమె లోపలికి పోవాలి. మన రివాజు అది.

ఇంక ఆ సినిమా. ఛీ, ఎట్లా చెప్పను.

పెళ్ళాం పోయిన మగవాడు ఒకడు. వాడింటి గోడలో ఒక తలుపు పుడుతుంది. తలుపు తీస్తే ఇంకో లోకం, అందులోనూ వాడి ఇంటివాళ్ళే, కాని వరసలన్నీ తారుమారు. ఒక లోకంలో ఇళ్ళు గిజిగాడి గూళ్ళలాగా ఆకాశం నుంచి వేలాడుతున్నాయి, మనుషులు చేతుల మీద నడుస్తున్నారు. ఒక లోకంలో తల్లి చంటిపిల్ల, గడ్డాలు నెరసిన కొడుకు ఆమెను భుజాన వేసుకొని జోకొడుతున్నాడు. ఒక లోకంలో ఎవరికీ నోళ్ళు లేవు, మొగుడూ పెళ్ళాం గోళ్ళతో గోడలు గీకి కొట్లాడుకుంటున్నారు. ఆ గీకుడు చప్పుడుకు నాకు పళ్ళు పులిశాయి. ఇంకో లోకంలో వంటింట్లో ఏరు పారుతోంది, చచ్చినవాళ్ళు పడవలో వచ్చి అన్నం అడుగుతున్నారు. ఏ లోకంలోనూ పొద్దున లేచి పేడ తీసినవాడు లేడు, కలుపు పీకినది లేదు.

అంతదాకా ఓర్చుకున్నాను. తర్వాత ఒక తలుపు తీస్తే మొదటి లోకంలో వాడికి చెల్లెలుగా ఉన్న పిల్ల ఇక్కడ పెళ్ళాంగా కూర్చొని ఉంది. అదే ముఖం, అదే జడ. మనం గోత్రం కలిస్తేనే అన్నాచెల్లెళ్ళు అని పిల్లను ఇవ్వనివాళ్ళం. "ఇదేందిరా, ఇందాక రాఖీ కట్టింది గదా," అన్నాను. మీ నాన్న నా చెయ్యి నొక్కాడు. "అది వేరే లోకం యాడీ. మెల్లగ మాట్లాడమ్మా. గొప్ప సినిమా ఇది, బుర్ర పెట్టి చూడాలె," అన్నాడు. బుర్ర పెట్టేచోట చీదరించుకోవడం నేర్చినదాన్ని నేను. ముఖం తిప్పుకున్నాను.

తిప్పుకున్న ముఖం మళ్ళీ తిప్పవలసి వచ్చింది, హాలంతా ఈలలు పడితే. మన అడవి. మన ఇప్పచెట్లు తలకిందులుగా, వేళ్ళు ఆకాశంలో. కింద గుడిసె. గుడిసె ముందు పొయ్యి, పొయ్యి దగ్గర నా అద్దాల బట్టల్లో మీ అమ్మ. ఎంత అందంగా ఉందో నా తల్లి. మనవాళ్ళు చప్పట్లు కొట్టారు. అప్పుడు గుడిసెలో నుంచి హీరాలాల్ వచ్చి ఆమె పక్కన, తొడ తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు. మీ అమ్మ రొట్టె తుంచి అతని నోట్లో పెట్టింది. పెట్టి నవ్వింది. అతను నమిలి, ఆమె కళ్ళలోకి చూశాడు. ఆ పెళ్ళాం పోయినవాడు చెట్టు చాటున నిలబడి, ఈ లోకంలో మా అమ్మానాన్నలు ఎంత సుఖంగా ఉన్నారో అని కన్నీళ్ళు పెట్టుకున్నాడు.

రొట్టె ఒకవైపు కాలేంతసేపు ఉండి ఉంటుంది ఆ బొమ్మ. చప్పట్లు ఆగిపోయాయి. ఎవరో కిసుక్కుమన్నారు, ఆ నవ్వు వరస నుంచి వరసకు పాకింది. ముందు వరసలో రూప్లి లేచి నిలబడి, మళ్ళీ కూర్చుంది. మీ అమ్మ కొంగు గడ్డం దాకా లాక్కుంది. ఆమె ఊపిరి నాకు వినపడుతోంది. నేను కాళ్ళ దగ్గర ఉమ్మేశాను. వాళ్ళ చల్లటి నున్నటి నేల మీదనే ఉమ్మేశాను.

సినిమా చివర ఆ మగవాడు లోకాలన్నీ పగలగొట్టుకుంటూ వచ్చి పెళ్ళాం చెయ్యి పట్టుకుంటాడు. ఎన్ని లోకాలున్నా నా ఇల్లు నువ్వే అంటాడు. హాలు హాలంతా ఏడ్చింది. మన తండావాళ్ళూ ఏడ్చారు, ఇందాక నవ్వినవాళ్ళే. మీ నాన్న ముక్కు చీదుతూ ఏడ్చాడు. లైట్లు వేయగానే లేచి, మీ అమ్మ వైపు చూడకుండా, ఆమెకోసం ఆగకుండా, ఆటో దగ్గరికి నడిచిపోయాడు. నేను నిన్ను ఎత్తుకొని వెనక నడుస్తూ వాడి వీపు చూశాను. నేను కన్న వీపు అది. అప్పుడు మొదలైంది నా అసహ్యం, సినిమా మీద కాదు.

తెల్లారేసరికి ఆ ముక్క తండాలో అందరి ఫోనుల్లోకి వచ్చింది, హాలులో ఎవడో తీసుకున్నాడట. బోరింగు దగ్గర మీ అమ్మను మీ పెద్దమ్మ పేరు పెట్టి పిలిచి పక్కకు తిరిగి నవ్వారు. తీజ్ పాటలకు పిలవడం మానేశారు. రూప్లి ప్రహరీ మీదుగా అన్న మాట మాత్రం నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. "ఇన్నేండ్లు వండిపెట్టిన చెల్లె. ఒక్కనాడన్న నా చేతి ముద్ద గట్ల నవ్వుకుంట తినలె. నీ చేతిల ఏమున్నదో చెప్పరాదు, నేను గూడ నేర్సుకుంట." అది ఏడుపో ఎత్తిపొడుపో దానికే తెలియదు. మీ అమ్మ బిందె ఎత్తుకొని వచ్చేసింది.

మీ నాన్న డ్యూటీ నుంచి వచ్చాడు. మీ అమ్మ కంచం పెట్టింది. వాడు చెయ్యి కడుక్కొని కూర్చొని, కంచం ముట్టలేదు.

"నువ్వు పెట్టు యాడీ," అన్నాడు నాతో.

మీ అమ్మ లోపలికి పోయింది. నేను వాడి ఎదురుగా కూర్చున్నాను. కర్ర ఫోటో నీ ఫోనులోనే ఉంది కదరా, నవ్వుకుంటూ అందరికీ చూపించినవాడివి నువ్వే కదరా అని అడిగాను.

"నాకు తెల్సు యాడీ," అన్నాడు. "అదంత కంప్యూటర్ల అతికిచ్చిండ్రు. గంత మాత్రం తెల్వదా నాకు? కని తండా నోరు ఎట్ల మూయాలె?"

"నీ నోరు తెరువు. తండా నోరు అదే మూసుకుంటది."

వాడు తెరవలేదు. నేను పెట్టిన అన్నం తినడానికి తెరిచాడు. తెలియక తప్పు చేసినవాణ్ణి చూశాను, కోపంలో చేసినవాణ్ణి చూశాను. అన్నీ తెలిసి, పెళ్ళాం వండిన కూరే తల్లి చేత్తో వడ్డించుకొని తినేవాణ్ణి నా ఇంట్లోనే చూశాను.

తండా పెద్ద నాయక్ రెడ్యా వాకిట్లో పంచాయతీ కూర్చుంది. చినుకులు పడుతుంటే పరదా కట్టారు. సినిమాకు పంచాయతీ ఏమిటని నీకు నవ్వు వస్తుంది. అక్కడ ఎవరూ నవ్వలేదు. రెడ్యా మంచివాడే, అందుకే ఇంకా రోత. గొంతు మెత్తగా పెట్టి చెప్పాడు. "మేం సినిమాను నమ్ముతలేం వదినె. కని కండ్లు చూసినయి. బావ నోట్ల మర్దలు ముద్ద పెట్టుడు తండా మొత్తం చూసింది. చూసినంక రివాజు చూడనట్టు ఊకుంటదా?" నేను ఆ రెండు రోజుల సంగతీ చెప్పాను, కర్ర, బంతి, పచ్చ తొడుగు, అన్నీ. విన్నారు. తల ఊపారు. ముసలిది కోడలిని కాస్తోందని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. హీరాలాల్‌ను అడిగితే తల వంచుకొని కంబళికి పట్టిన పల్లేరుకాయలు ఏరుకుంటూ కూర్చున్నాడు. మరదలి పేరు నోట ఎత్తకూడదట. రివాజు ఎంత పనికివచ్చిందో చూడు మగవాళ్ళకు.

తీర్పు ఏమిటంటే, ఆ సినిమా హాలులో నుంచి పోయేదాకా మీ అమ్మ పుట్టింట్లో ఉండాలి. పోయాక వచ్చి దేవతకు ఒక మేకను ఇస్తే తప్పు తీరినట్టు.

నేను మీ నాన్న వైపు చూశాను. వాడు పరదా మీద నిలిచిన నీళ్ళ బరువు చూస్తున్నాడు, ఎప్పుడు కూలుతుందో అన్నట్టు.

అప్పుడు మీ అమ్మ వాకిలి అంచు నుంచి, కొంగు కింద నుంచే మాట్లాడింది. "నేను తినిపిచ్చింది కర్రకు. కర్రకు ముద్ద పెట్టినందుకు దాని పెండ్లాన్నైతే, ఆ కర్రనే తోలుకరాండ్రి. దాని ఎంట పోత. అది నన్ను ఎల్లగొట్టదు."

వాళ్ళు మేక ఎప్పుడివ్వాలో మాట్లాడుకున్నారు.

మరునాడు మీ అమ్మ మూట కట్టింది. పక్కన కూర్చొని నేనూ కట్టాను. మీ నాన్న గడపలో నిలబడి, నువ్వెందుకు యాడీ అన్నాడు. ఆ రోజు అక్కడ కూర్చొని చూసినదాన్ని నేనూ కదా, శిక్ష నాకూ ఉండాలి అన్నాను. అత్త కోడలి పుట్టింటికి కాపురానికి పోవడం మన తండాలో ఎవరూ ఎరుగరు. రూప్లి గోడ పక్కకు వచ్చి ఏదో అనబోయి, నిన్ను చూసి, ఊరుకొని, నీ చేతిలో ఒక రొట్టె పెట్టి పోయింది. కొత్తగూడెంలో బస్సు మారి మీ అమ్మమ్మ ఊరు తల్లాడలో దిగాం. ఎన్నాళ్ళు ఉంటావు వదినె అని మీ అమ్మమ్మ అడిగింది. సినిమా పోయేదాకా అన్నాను. ఆమె నవ్వి నాకు మంచం వాల్చింది.

సినిమా తీజ్ కాకముందే పోయింది. ఎవరికీ అర్థం కాలేదట, నష్టం వచ్చిందట. అయితే హాలులో నుంచి పోయి ఫోనులోకి వచ్చింది. ఇక మన తండాలో అదొక తగువు. పోయినట్టా, పోనట్టా? కొందరు పోయింది, పిలవండి అన్నారు. కొందరు ప్రతివాడి జేబులో ఆడుతుంటే పోవడం ఏమిటన్నారు. ఒక ఆడమనిషి బతుకు మీద కూర్చొని బీడీలు కాలుస్తూ ఆ లెక్క తేల్చుకుంటున్నారు. ఇక్కడ మీ అమ్మ పొద్దున్నే లేచి పక్క చేలకు కూలికి పోయేది. నేను నిన్ను చూసుకునేదాన్ని. కన్నకొడుకు చేతికింద ఉన్నప్పటి కన్నా నాకు ఆకలి బాగా అయ్యేది.

తొలి పత్తి తీసే రోజుల్లో, దసరాకు ముందు, మీ నాన్న వచ్చాడు. చిక్కిపోయాడు. వాకిట్లో మంచం మీద కూర్చొని నిన్ను ఒళ్ళోకి తీసుకున్నాడు. మేక అక్కరలేదని నాయక్ ఒప్పుకున్నాడట, పోదాం పద అన్నాడు. మీ అమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. చెయ్యి ఆపలేదు.

"వస్త," అంది. "కని నువ్వు ఆ వాకిట్ల నిలబడి చెప్పాలె. మీ అమ్మకు చెప్పినవు చూడు, నాకు తెల్సు అని. గదే చెప్పు. నాకు మొదటి నుంచి తెల్సు, తెల్సే పుట్టింటికి తోలిన అని చెప్పు. గంతే."

"గంతేనా," అన్నాడు వాడు. తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు. కన్నదాన్ని కనుక నాకు అప్పుడే భయం వేసింది.

పోయాం. మళ్ళీ రెడ్యా వాకిలి, మళ్ళీ అదే జనం. హీరాలాల్ ఒక మూల, రూప్లి ఆడవాళ్ళలో. మీ అమ్మ నిన్ను చంకన వేసుకొని అంచున నిలబడింది. మీ నాన్న లేచాడు, గొంతు సవరించుకున్నాడు.

"సరళది తప్పు లేదు," అన్నాడు. అందరూ తల ఊపారు. "అదంత సినిమోళ్ళ మాయ. మనల్ని మోసం చేసిండ్రు. మాకు తెల్వక అయింది."

రెడ్యాకు సంతోషమైంది. జనానికీ సంతోషమైంది. తప్పు ఊరు బయటివాళ్ళదైతే అందరికీ సుఖం. అయిందేదో అయింది, ఇంటికి పో బిడ్డా అన్నాడు రెడ్యా.

"తెల్వకనా?" అని అడిగింది మీ అమ్మ.

ఒక్క మాటే, మెల్లగా. మీ నాన్నకు వినపడింది. వాడు తల ఎత్తలేదు. మీ అమ్మ, బస్సులో నువ్వు నీళ్ళు ఒలకబోసుకుంటే విప్పి ఆ గోడ మీద ఆరవేసిన నీ గౌను తీసుకొని, తడిగానే ఉంటే దులిపి, సంచిలో పెట్టుకుంది. రోడ్డు వైపు నడిచింది. నేను నా మూట ఇంకా విప్పనే లేదు కనుక నాకు పని తక్కువైంది.

అప్పటి నుంచి ఇక్కడే ఉన్నాం. మీ అమ్మ మిర్చి కౌలుకు తీసుకుంది, ఇప్పుడు అంగన్‌వాడీలో ఆయా. మీ నాన్న సెలవు రోజున వస్తాడు, నీకు బిస్కెట్లు తెస్తాడు, మీ అమ్మ వడ్డిస్తే తింటాడు, చీకటి పడకముందే బస్సెక్కుతాడు. చెడ్డవాడని నేను చెప్పను. నా కడుపున పుట్టాడు, వస్తే తలకు నూనె రాస్తాను. రాస్తూ రాస్తూ రోతపడతాను. రెండూ ఒక చేత్తోనే చేస్తాను.

నాకు ఇంక ఎన్ని వానాకాలాలు ఉన్నాయో తెలియదు. ఆ బొమ్మకు మాత్రం చావు లేదంటున్నారు. నీ బడిలో చూశారు, రేపు నీ అత్తగారింట్లోనూ ఎవరో ఒకరు చూపిస్తారు. అప్పుడు సిగ్గుపడి పక్కకు పోకు. కూర్చోబెట్టి ఈ ముచ్చట చెప్పు. నీ బిడ్డలకు చెప్పు. చెప్పేటప్పుడు మీ నాన్న చెప్పినట్టు సగం దగ్గర ఆపకు బిడ్డా. సినిమావాళ్ళు అతికించారన్నది సగమే. మా నాన్నకు తెలుసు, తెలిసే అమ్మను పుట్టింటికి పంపాడు అన్నది మిగతా సగం. అది నోట్లో అడ్డుపడుతుంది, ఉమ్మెయ్యబుద్ధి అవుతుంది. అయినా ఆ సగం కూడా చెప్పు.